ఏ మంచె ఎక్కాలి?

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒక ఉత్తరం దగ్గర నా చెయ్యి ఆగింది. నల్గొండ వైపు నుండి ఒక తల్లి రాసింది. ఆమె కుమారుడు అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్థిరపడ్డాడు. తనతో పనిచేసే అక్కడి మిత్రులతో కలిసి ఈ శీతాకాలం జింక వేటకు వెళ్తానని ఫోనులో చెప్పాడట. "అయ్యగారూ, చిన్నప్పుడు వాడు చింతచెట్టెక్కితేనే నా గుండె ఆగిపోయేది. ఇప్పుడు తుపాకి పట్టుకొని తెల్లవారక ముందే చెట్టెక్కి కూర్చుంటాడట. ఏ రకం మంచె కొనాలో చూస్తున్నాను అమ్మా అంటున్నాడు. తుపాకి అంటేనే నాకు భయం. వాడికి మీరు నాలుగు మాటలు చెప్పండి" అని రాసింది.

ఈ తల్లి ఒక్కతే కాదు. మీలో ఎందరి పిల్లలు ఆ దేశంలో లేరు? ఉత్తరాలు రాయకపోయినా ఇలాంటి ఫోన్లు మీకూ వస్తూ ఉండవచ్చు. కాబట్టి ఈ రోజు సమయమంతా ఈ ఒక్క సంగతికే కేటాయిస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో వింటున్నవారు దీన్ని మన అడవులకు అన్వయించుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకను గానీ, చుక్కల దుప్పిని గానీ వేటాడటం నేరం. జైలు ఖాయం. నేను మాట్లాడేది అమెరికాలో లైసెన్సు తీసుకొని, అనుమతించిన రోజుల్లో, అనుమతించిన సంఖ్యలో చేసే తెల్లతోక జింక వేట గురించి. అక్కడ కూడా 20వ శతాబ్దం మొదట్లో విచ్చలవిడి వేటవల్ల ఆ జింకలు దేశమంతటా కలిపి కొన్ని లక్షలకు పడిపోయాయి. తర్వాత చట్టాలు వచ్చాయి. 1937లో చేసిన ఒక చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. ఇప్పుడు ఆ జింకలు కోట్లలో ఉన్నాయి. పొలాలు మేస్తాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తాయి. అందుకే ప్రతి రాష్ట్రం ఏటా లెక్క చూసుకొని వేటకు అనుమతి ఇస్తుంది.

ఇక ఆ తల్లి భయం సంగతి. అమ్మా, తుపాకిని చూసి మీరు భయపడటం సహజమే. అయితే ఆ భయాన్ని అక్కడివాళ్లు చాలాకాలం క్రితమే పట్టించుకున్నారు. వేట నేర్పే భద్రతా తరగతులను న్యూయార్క్ రాష్ట్రం 1949లోనే మొదలుపెట్టింది. ఈ రోజు పెన్సిల్వేనియాలో మొదటిసారి లైసెన్సు తీసుకునేవాడు ఆ తరగతి పూర్తి చేయాలి. తుపాకితో జింకను వేటాడే రోజుల్లో తలమీద, ఛాతీమీద, వీపుమీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు బట్ట కనపడాలి. వీసా మీద ఉన్నవాడైతే తుపాకి ముట్టుకోవడానికి అమెరికా చట్టంలో వేరే షరతులున్నాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. అది ముందే తేల్చుకొని వెళ్లాలి. ఇలా తుపాకి చుట్టూ కంచె మీద కంచె కట్టారు. మరి చెట్టు చుట్టూ? అక్కడే చిక్కుంది. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో జింక వేటకు వెళ్లి గాయపడ్డవాళ్లను చూస్తే, తూటా తగిలినవాళ్ల కంటే మంచె మీంచి పడ్డవాళ్లే ఎక్కువ. నడుము విరిగినవాళ్లు, కాళ్లు పడిపోయినవాళ్లు, అడవిలో ఒంటరిగా పడి ప్రాణం వదిలినవాళ్లు! తల్లి తుపాకికి భయపడుతోంది, కొడుకు జింక గురించి ఆలోచిస్తున్నాడు. ఇద్దరూ చెట్టును మరిచిపోయారు.

మంచె అనగానే మీకు జొన్నచేలో నాలుగు గుంజల మీద కట్టిన మంచె గుర్తుకొస్తుంది. వడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలిన చేతులు ఈ ప్రసంగం వినేవాళ్లలో ఇంకా ఉన్నాయి. మన మంచె మీద మనిషి కేకలు వేస్తాడు, తాను ఉన్నానని లోకానికి చాటుతాడు. వాళ్ల మంచె మీద మనిషి లేనట్లే ఉండాలి. మూడు గంటలు, నాలుగు గంటలు, గడ్డకట్టే చలిలో, దగ్గు కూడా దిగమింగుకొని. అంత కష్టం ఎందుకంటే జింక ముక్కు అలాంటిది. మనిషి వాసన గాలివాటున పడితే మనిషి కనపడకముందే అది వెళ్లిపోతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వీపు వెనక తప్ప దాదాపు అన్ని వైపులా చూస్తుంది. నారింజరంగు దానికి మనకు కనపడినట్లు కనపడదు, కానీ చిన్న కదలికను ఇట్టే పట్టేస్తుంది. మనిషి ఎత్తులో కూర్చుంటే దాని చూపు దారిలోనుండి కొంత తప్పుకుంటాడు, వాసన కూడా కొంత దాని తలపైనుండి పోతుంది. ఇంతే, మంచె వెనక ఉన్న రహస్యం.

"కొంత" అన్నాను, గమనించారా? ఎత్తెక్కితే గాలితో పనిలేదని అనుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి వాలు మీదుగా పైకి లేస్తుంది. సాయంకాలం చల్లబడి లోయలోకి జారుతుంది. ఉదయం పనికొచ్చిన చెట్టు సాయంత్రం మీ వాసనను సరిగ్గా జింక తిరిగే వాగులోకి మోసుకెళ్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒకే మంచెను నమ్ముకోరు. పడమటిగాలికి ఒక చోటు, తూర్పుగాలికి ఒక చోటు చూసి పెట్టుకుంటారు. గాలి ఎదురైన రోజు, ఎంత ఖరీదు పెట్టి కట్టిన మంచె అయినా సరే, దాన్ని వదిలిపెడతారు.

సరే, దుకాణానికి వెళ్తే ఎన్నో రకాలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ధర చూసి, బొమ్మ చూసి కొనేస్తారు. అలా కాదు బాబూ. నీ పేరు నాకు తెలియదు గానీ ఈ మాట నీకే చెబుతున్నాను. నువ్వు కూర్చోబోయే చోట ఏ చెట్లున్నాయి? ఆ భూమి ఎవరిది? నీ మోకాళ్లు, నీ బరువు, ఎత్తులో నీ ధైర్యం ఎంత? ఈ మూడూ తెలుసుకోకుండా డబ్బు తీయవద్దు.

మొదటి ఏడాది వేటకు వెళ్లేవాడికి నేను చెప్పేది నిచ్చెన మంచె. ఇనుప నిచ్చెన, దాని కొసన కుర్చీ, కాళ్లు పెట్టుకునే పలక. 15 నుండి 20 అడుగుల ఎత్తుంటుంది. చెట్టుకు ఆనించి, పైన పట్టీతో బిగించి, మధ్యలో ఒక కడ్డీతో చెట్టుకు దన్ను ఇస్తారు. మెట్ల మీద ఎక్కినట్లే ఎక్కవచ్చు. బరువెక్కువ, భుజాన వేసుకొని అడవంతా తిరగలేవు. ఒకచోట పెడితే ఆ కాలమంతా అక్కడే. అదే దాని లోపం అంటారు. కొత్తవాడికి అది లోపమని నాకు అనిపించదు. కుదురుగా ఒక చోట కూర్చోవడం నేర్చుకుంటాడు! ఇందులో ఇద్దరు పక్కపక్కన కూర్చునే రకం కూడా ఉంది. అనుభవం ఉన్న మిత్రుడు పక్కన కూర్చొని, ఇప్పుడు కదలకు, ఇప్పుడు తుపాకి ఎత్తు అని చెవిలో చెబుతుంటే, పది పుస్తకాలు చదివినా రానిది ఒక ఉదయంలో వస్తుంది.

అయితే నిచ్చెన మంచెలో ఒక గండం ఉంది, జాగ్రత్తగా వినండి. నిలబెట్టేటప్పుడు, పై పట్టీ ఇంకా బిగించక ముందు, ఎవడో ఒకడు ఎక్కాలి కదా? ఆ మొదటి ఎక్కడంలోనే నిచ్చెన పక్కకు తిరుగుతుంది. దీన్ని ఎప్పుడూ ఒక్కడు నిలబెట్టకూడదు. ముగ్గురు కావాలి. ఇద్దరు కింద నిచ్చెనను చెట్టుకేసి గట్టిగా అదిమిపట్టాలి. మధ్య కడ్డీ, కిందనుండి లాగి కట్టగల తాళ్లు ముందే బిగించాలి. అప్పుడు మూడోవాడు, తనను చెట్టుకు కట్టుకొని, ఎక్కాలి. ఖాళీ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు మిత్రులు దొరకలేదని ఒంటరిగా ప్రయత్నించినవాళ్ల కథలు అక్కడ ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

రెండోది ఎక్కే మంచె. కోనసీమలో ఉన్నవారు కొబ్బరిచెట్టెక్కే యంత్రాన్ని చూసే ఉంటారు. దాదాపు అదే పని. రెండు ముక్కలు: ఒకటి కూర్చోవడానికి, ఒకటి పాదాలకు. లేచి నిలబడి పై ముక్కను జరుపుతావు, కూర్చొని పాదాలతో కింది ముక్కను పైకి లాగుతావు. గొంగళిపురుగు పాకినట్లు. భుజాన మోసుకెళ్లవచ్చు, ప్రభుత్వ అడవిలో ఎక్కడ మంచి జాడ కనపడితే అక్కడ ఎక్కవచ్చు. కానీ చెట్టు కొబ్బరిచెట్టులాగే ఉండాలి! నిటారుగా, కొమ్మలు లేకుండా, మరీ లావూ మరీ సన్నమూ కాకుండా. చాలా రకాలకు 8 అంగుళాల నుండి 20 అంగుళాల మందం సరిపోతుంది. బెరడు పెళ్లలు పెళ్లలుగా ఊడే హికరీ చెట్టు పనికిరాదు. మంచు పట్టి నున్నగా గడ్డకట్టిన మాను పనికిరాదు. చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, కింద మొదలుపెట్టేటప్పుడే పలకను ముందువైపు కాస్త పైకి ఎత్తి బిగించాలి. అప్పుడు పైకి వెళ్లాక సమంగా వస్తుంది. ఈ సంగతి తెలియనివాడు 18 అడుగుల ఎత్తుకు వెళ్లి, పలక ముందుకు వాలిపోతుంటే కూర్చోలేక దిగలేక అల్లాడతాడు. ఇంకొకటి: రెండు ముక్కలనూ ఒక తాడుతో కలిపి కట్టాలి. పాదాల కింది ముక్క జారి కిందికి పోయిందనుకో, పై ముక్క పట్టుకొని వేలాడటమే మిగులుతుంది.

చెట్టు గురించి ఇంకొక్క మాట, ఇది పెన్సిల్వేనియా బాబుకు మరీ ముఖ్యం. 2002లో మిషిగన్ రాష్ట్రంలో ఒక ఆకుపచ్చ పురుగును గుర్తించారు. ఆసియా నుండి వచ్చింది. యాష్ అనే జాతి చెట్ల బెరడు కింద తొలిచి చంపేస్తుంది. అప్పటినుండి కోట్ల చెట్లు ఎండిపోయాయి, పెన్సిల్వేనియా కూడా తప్పించుకోలేదు. ఎండిన యాష్ చెట్టు పెళుసు, పైకి చూడటానికి నిలబడే ఉంటుంది, బరువు పడితే విరుగుతుంది. శీతాకాలంలో ఆకులుండవు కాబట్టి ఏది బతికిందో ఏది చచ్చిందో కొత్తవాడికి తెలియదు. అందుకే మంచె కట్టే చెట్టును ఆకులున్నప్పుడే, ఆగస్టులోనో సెప్టెంబరులోనో చూసి పెట్టుకోవాలి. తెల్ల ఓక్ చెట్టు కనపడితే అదృష్టమే. దాని కాయలంటే జింకలకు ప్రాణం. ఆ చెట్టు మీదనే కాకుండా దానికి కొంచెం దూరంగా, గాలికి దిగువన కూర్చోవాలి.

మూడోది తగిలించే మంచె. చిన్న పలక, చిన్న కుర్చీ, పట్టీతో మానుకు బిగిస్తారు. ఎక్కడానికి వేరే మెట్లకర్రలు చెట్టుకు కడతారు. తేలిక, కొమ్మలున్న వంకర చెట్టుకు కూడా సరిపోతుంది, ఆకుల్లో కలిసిపోతుంది. వేటలో చేయి తిరిగినవాళ్లకు ఇదంటే ఇష్టం. కానీ ఆఖరి మెట్టు మీదనుండి పలక మీదికి కాలు మార్చే ఆ ఒక్క క్షణం ఉంది చూశారా, అది ఈ మంచెలన్నింటిలోకీ ప్రమాదకరమైన క్షణం. పై మెట్టుకర్రను పలక కంటే ఎత్తుగా కట్టుకోవాలి. అప్పుడు పలక మీదికి ఎగబాకనక్కరలేదు, దిగి నిలబడవచ్చు. ఇంత చిన్న మార్పు, ఎన్ని నడుములను కాపాడుతుందో!

ఇటీవల శాడిల్ అనేది బాగా వ్యాపించింది. ఇందులో మంచె దాదాపు లేనట్లే. నడుముకు, తొడలకు పట్టే వెడల్పు పట్టా, దాన్నుండి చెట్టుకు ఒక తాడు, పాదాలకు అరచేతి వెడల్పు పలక. మన గీత కార్మికుడు మోకు ముస్తాదుతో తాటిచెట్టుకు ఆనుకున్నట్లే ఆనుకొని ఉంటాడు. నేలమీద పాదం లేచినప్పటినుండి తాడు మీదనే ఉంటాడు కాబట్టి, సరిగా నేర్చుకున్నవాడికి ఇది మంచిదే. నేర్చుకోనివాడికి మాత్రం చీకట్లో, మొద్దుబారిన వేళ్లతో, ముడులతో పెట్టుకునే పని. మొదటి ఏడాది వద్దు.

టెక్సాస్‌లో ఉన్న శ్రోతలు "మా దగ్గర అంత ఎత్తు చెట్లే లేవు కదా" అంటారు. నిజమే, అక్కడ చాలాచోట్ల పొట్టి మెస్కీట్ పొదలు. అందుకని మూడుకాళ్ల మంచెలు, కాళ్ల మీద నిలబెట్టిన పెట్టెలాంటి గదులు వాడతారు. ఆ రాష్ట్రంలో నూటికి 90 పాళ్లకు పైగా ప్రైవేటు భూమే. యజమాని దగ్గర కౌలుకు తీసుకొని వేటాడతారు, గది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఏడాదికొకసారి తలుపు తీసేముందు కర్రతో తట్టండి. లోపల కందిరీగలు కాపురం పెట్టి ఉంటాయి. 10 అడుగుల ఎత్తులో కందిరీగల గుంపు ఎదురైతే మనిషి మెట్లు చూసుకొని దిగడు, దూకుతాడు.

చివరిగా, ఎవరూ గొప్పగా చెప్పుకోనిది: నేలమీది డేరా. గొడుగులా విచ్చుకుంటుంది, లోపల మడత కుర్చీ వేసుకొని కూర్చోవడమే. పడిపోవడానికి ఎత్తే లేదు! వయసు మళ్లినవారికి, మోకాళ్ల నొప్పులవారికి, ఎత్తంటే కళ్లు తిరిగేవారికి, పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లే తండ్రికి ఇదే సరైనది. నేలమీద కూర్చుంటే వేటగాడు కాదా ఏమిటి అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వేటకు వారం రెండు వారాల ముందే నిలబెట్టి, అక్కడి కొమ్మలూ రెమ్మలూ కప్పితే జింకలు దానికి అలవాటు పడతాయి. లోపల నల్లబట్టలు వేసుకోవాలి, వెనక కిటికీలు మూసుకోవాలి, లేకపోతే వెనకనుండి వెలుతురు పడి మీ ఆకారం కనిపిస్తుంది. డేరా పైన నారింజరంగు గుడ్డ కట్టడం మరచిపోకండి, మీరు లోపల ఉన్నట్లు తక్కిన వేటగాళ్లకు ఎలా తెలుస్తుంది? చలికి గ్యాసు కుంపటి పెట్టుకొని అన్నీ మూసేయడం మాత్రం చావును పిలవడమే. దాని పొగకు రంగు లేదు, వాసన లేదు.

అడవిలో ఎవరో ఎప్పుడో మేకులు కొట్టి కట్టిన చెక్కమంచె కనపడుతుంది. ఎక్కకండి. చెక్క చివికిపోయి ఉంటుంది, మేకు తుప్పు పట్టి ఉంటుంది. పెన్సిల్వేనియాలో వేటకోసం రాష్ట్రం కేటాయించిన భూముల్లో చెట్టుకు గాయం చేసే మంచె, శాశ్వతంగా కట్టే మంచె చట్టవిరుద్ధం కూడా.

ఇప్పుడు ఎత్తు. "ఎంత ఎత్తుకు వెళ్తే అంత మంచిది కదా?" అని అడుగుతారు. కాదు. లెక్క చూడండి. 20 అడుగుల మంచె మీద ఉన్నారు, జింక 20 గజాల దూరంలో నిలబడింది. అంటే 60 అడుగులు. మీ గురి సుమారు 18 డిగ్రీలు కిందికి వాలుతుంది. అదే జింక చెట్టు మొదట్లోకి, 5 గజాలకు వచ్చిందనుకోండి, వాలు 50 డిగ్రీలు దాటుతుంది. 30 అడుగుల ఎత్తునుండైతే 60 దాటుతుంది. అంత నిట్టనిలువుగా పోయిన బాణం రెండు ఊపిరితిత్తులకు బదులు ఒక్కదానికే తగలవచ్చు. రెండూ తగిలితే జింక క్షణాల్లో పడిపోతుంది. ఒకటే తగిలితే మైళ్లు పరుగెడుతుంది, పొదల్లో పడి రాత్రంతా బాధపడి చస్తుంది, వేటగాడికి దొరకదు కూడా. ఆ మూగజీవికి అంత యాతన పెట్టే హక్కు లైసెన్సు ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి 15 నుండి 20 అడుగులు చాలు, వెనక మీ ఆకారాన్ని దాచే కొమ్మలుంటే 12 అడుగులైనా చాలు. ఎంత ఎత్తు అన్నది జింకను బట్టి కాదు, మిమ్మల్ని బట్టి నిర్ణయించుకోండి. చలికి వేళ్లు కొంకర్లు పోయిన సాయంత్రం, చీకట్లో, బరువైన బూట్లతో మీరు భయం లేకుండా దిగగలిగినంతే మీ ఎత్తు.

20 అడుగులనుండి పడితే నేల చేరడానికి ఒక సెకనుకు కొంచెం పైన పడుతుంది. తాకేసరికి వేగం గంటకు 40 కిలోమీటర్లు ఉంటుంది. కొమ్మ పట్టుకుంటానులే అనుకోవడానికి కూడా సమయం లేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము మీకు తెలుసు. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివానిదే. ఎంత ఆచరణయోగ్యమైన ఆజ్ఞ! మంచెకు పిట్టగోడ లేదు. మనిషి ఒంటికి కట్టుకునే హార్నెసే దాని పిట్టగోడ.

మన దగ్గర ఈ సంగతి ఎవరికి తెలుసంటే, తాటివనాల పక్కన ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మోకు తెగి, కాలు జారి చెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు లేని మండలం ఉందా? 2024లో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా చెట్టెక్కే చేతులకే కవచం అవసరమైతే, ఏడాదికి నాలుగుసార్లు చెట్టెక్కే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అవసరం లేదా?

హార్నెస్ అంటే నడుముకు కట్టే ఒంటి బెల్టు కాదు. అది పడ్డప్పుడు కడుపును నొక్కేస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నింటినీ పట్టే పూర్తి హార్నెస్ ఉండాలి. దాని తాడును తలకు పై ఎత్తున చెట్టుకు కట్టాలి; కూర్చున్నప్పుడు తాడు వేలాడకూడదు. వదులుగా ఉంటే పడ్డప్పుడు మంచె కిందికి జారిపోతారు, తిరిగి పైకి రాలేరు. ఇంకా ముఖ్యమైనది, చాలామంది పైకి వెళ్లి కూర్చున్నాక కట్టుకుంటారు. ఎక్కువమంది పడేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు! అందుకే చెట్టు పైనుండి కిందివరకు ఒక గట్టి తాడు వేలాడదీస్తారు. దానిమీద ఒక జారుముడి ఉంటుంది. చేత్తో జరిపితే జరుగుతుంది, ఒక్కసారిగా బరువు పడితే బిగుసుకుంటుంది. నేలమీద నిలబడి ఉండగానే హార్నెస్‌ను ఆ ముడికి తగిలించి, మీతోపాటు జరుపుకుంటూ ఎక్కాలి. తిరిగి నేలమీద పాదం పెట్టాకే విప్పాలి. ఆ తాడు ఖరీదు మంచె ఖరీదు ముందు ఎంతో తక్కువ.

పడి, హార్నెస్‌లో వేలాడుతున్నారనుకోండి. బతికిపోయామని ఊరుకోకూడదు. తొడల పట్టీలు బిగుసుకొని రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. హార్నెస్‌తో పాటు ఒక చిన్న పట్టీ ఇస్తారు, దాన్ని ఉచ్చులా వేసి అందులో పాదం పెట్టి నిలబడాలి, కాళ్లు ఆడిస్తూ ఉండాలి. ఆ పట్టీని పెట్టెలోనే వదిలేసేవాళ్లే ఎక్కువ. ముందుగా ఇంటి పెరట్లో, నేలకు ఒక అడుగు ఎత్తులో, పక్కన మనిషిని పెట్టుకొని వేలాడి చూడండి. ఒకసారి పడ్డ హార్నెస్‌ను మళ్లీ వాడకండి. పడకపోయినా దాని మీద ముద్రించిన గడువు, సాధారణంగా 5 ఏళ్లు, దాటితే పక్కన పెట్టండి.

మంచె మీద రాసిన బరువు పరిమితి చూడండి. ఒక్కరు కూర్చునే వాటికి చాలావరకు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు ఉంటుంది. అది మీ ఒంటి బరువు మాత్రమే కాదు. చలి కోట్లు, బూట్లు, సంచి, తుపాకి అన్నీ అందులోనే. ఎవరో వాడి అమ్మేసిన మంచె చవకగా వస్తుంది. పట్టీలు పారేసి, ఆ కంపెనీవే కొత్తవి వేయించుకోగలిగితేనే కొనండి. కాలం అయిపోయాక మంచెను చెట్టు మీదనే వదిలేయకండి. చెట్టు లావెక్కుతుంది, పట్టీ మాత్రం సాగదు. ఎండకు, వానకు నార చివుకుతుంది, ఉడుతలు కొరుకుతాయి. వచ్చే ఏడాది కిందనుండి చూస్తే నిరుడు ఎలా ఉందో అలాగే కనపడుతుంది.

తుపాకి మీ వీపున వేసుకొని ఎక్కకండి. తూటాలు తీసి, తుపాకిని కిందనే తాడుకు కట్టి, మీరు పైకెక్కి హార్నెస్ కట్టుకున్నాక మెల్లగా లాక్కోండి. దిగేటప్పుడు ముందు అది దిగాలి, తర్వాత మీరు. ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లు, ఈ నాలుగింటిలో మూడు ఎప్పుడూ మెట్టుకు అంటుకునే ఉండాలి.

బయలుదేరేముందు ఇంట్లో ఒక కాగితం మీద రాసిపెట్టాలి: ఏ రోడ్డు పక్కన కారు పెడతావు, ఏ చెట్టు, ఎన్ని గంటలకు తిరిగి వస్తావు. చెట్టు మార్చితే మెసేజీ పెట్టాలి. ఫోను సంచిలో వద్దు, సంచి కొమ్మకు వేలాడుతుంటుంది. చొక్కా జేబులో, చేయి అందేచోట ఉండాలి. పెన్సిల్వేనియాలో 2019 నుండి తుపాకితో జింక వేట థాంక్స్ గివింగ్ పండుగ తర్వాతి శనివారం మొదలవుతోంది. బాబూ, దానికి నెల ముందే నీ మంచె నిలబెట్టుకో, పగటి వెలుతురులో నాలుగుసార్లు ఎక్కి దిగు. అమ్మా, మీరు మాత్రం వాడికి ఫోను చేసినప్పుడు తుపాకి గురించి కాదు, ఆ తాడు కొన్నాడా లేదా అని అడగండి.

సమయమైంది. మిగిలిన ఉత్తరాలు వచ్చే వారం చూద్దాము.